పాత చేతి కంప్యూటరుకు రెండో ఉద్యోగం

రైల్వే వర్క్‌షాపులో ఏ పెట్టె కాలమూ ఒక్క రోజుతో తీరిపోదు. ప్రయాణికులను మోసి మోసి వయసు మీరిన ఐసీఎఫ్ పెట్టెను తెచ్చి సీట్లు పీకేస్తారు, కిటికీలు మూసేస్తారు, చివర తలుపులు అమర్చి కార్లూ మోటారు సైకిళ్లూ ఎక్కించే ఎన్‌ఎమ్‌జీ వ్యాగనుగా మారుస్తారు. మనుషుల్ని మోసిన బండి ఇంకొన్నేళ్లు సరుకు మోస్తుంది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు అయిదు వేలకు పైగా పాత పెట్టెలను ఐసోలేషన్ వార్డులుగా మార్చిందీ ఈ రైల్వేనే. కొన్ని స్టేషన్ల బయట పాత పెట్టెలు హోటళ్లుగా నడుస్తున్నాయి. ఖరగ్‌పూర్ లాంటి రైల్వే పట్టణంలో ఇదంతా చిన్న పిల్లలకూ తెలిసిన సంగతి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి అక్కడి వర్క్‌షాపు సైరనుతోనే ఊరికి తెల్లవారుతోంది. 'కండెమ్' అయిన వస్తువు అంటే పారేయాల్సిన వస్తువని కాదు, ఇంకేం పనికొస్తుందో చూడాల్సిన వస్తువని ఆ ఊరి ఫిట్టర్లకు వేరే చెప్పక్కర్లేదు.

అదే ఊళ్లో, అవే క్వార్టర్లలో, బీరువా సొరుగు తెరిస్తే మాత్రం వేరే దృశ్యం కనిపిస్తుంది. అయిదారేళ్ల కిందటి ఫోను, పిల్లవాడి ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ట్యాబ్లెట్, ఎప్పుడో బహుమతిగా వచ్చిన పామ్‌టాప్. పెట్టె కంటే వీటి వయసు చాలా తక్కువ. వీటిలో ఏదీ పూర్తిగా చెడిపోలేదు. అయినా ఎవరూ వాడరు, ఎవరూ బాగు చేయించరు. పాతిక టన్నులు దాటే ఇనుప పెట్టెకు రెండో జీవితం ఇవ్వగలిగిన సమాజం, పావు కిలో కూడా బరువు లేని కంప్యూటరుకు ఎందుకు ఇవ్వలేకపోతోంది?

ఈ ప్రశ్న ఇళ్లతో ఆగదు. టీటీఈల చేతిలో కాగితపు చార్టు పోయి హ్యాండ్ హెల్డ్ టెర్మినల్, అంటే హెచ్‌హెచ్‌టీ వచ్చింది. 2022 నాటికే దేశంలో పది వేలకు పైగా హెచ్‌హెచ్‌టీలు రైళ్లలో తిరుగుతున్నాయి. రిజర్వేషన్ సర్వర్‌తో మొబైల్ నెట్‌వర్క్ ద్వారా మాట్లాడుతూ, ఖాళీ అయిన బెర్తును అప్పటికప్పుడు ఆర్‌ఏసీ ప్రయాణికుడికి చూపిస్తాయి. కాగితం ఆదా అయింది, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాడికి న్యాయం జరిగింది. మంచిదే. కానీ కాగితపు చార్టు పని అయిపోయాక పప్పుల పొట్లం అయ్యేది. హెచ్‌హెచ్‌టీ పని అయిపోయాక ఏమవుతుంది? దానికి జవాబు ఇప్పుడే, కొనే రోజునే ఆలోచించుకోవాలి.

మూడు గడియారాలు

చేతి కంప్యూటరు ఎందుకు పాతబడుతుందో ముందు సరిగ్గా తెలుసుకోవాలి. దాని లోపల మూడు గడియారాలు మూడు వేగాలతో నడుస్తుంటాయి.

మొదటిది బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీలో ప్రతి చార్జింగుకూ కొంచెం లిథియం ఎలక్ట్రోడ్ మీద పొరగా పేరుకుని పనికిరాకుండా పోతుంది. కొన్ని వందల సార్లు చార్జి చేశాక సామర్థ్యం కంటికి కనిపించేలా తగ్గుతుంది. వేడి ఈ నష్టాన్ని ఇంకా తొందరపెడుతుంది. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటే ఊళ్లో రేకుల కప్పు కింద, ఎప్పుడూ నూరు శాతం చార్జింగులో ఉంచిన బ్యాటరీ ఉబ్బకపోతే అది అదృష్టమే.

రెండోది సాఫ్ట్‌వేర్. తయారీ సంస్థ కొన్నేళ్లు అప్‌డేట్లు ఇచ్చి ఆపేస్తుంది. ఆ తర్వాత బయటపడే భద్రతా లోపాలకు మందు ఉండదు. వెబ్‌సైటు నిజమైనదో కాదో తేల్చే రూట్ సర్టిఫికెట్లకూ గడువు ఉంటుంది. కొత్తవి రాకపోతే ఒక రోజున బ్రౌజరు సగం ఇంటర్నెట్‌ను తెరవడానికే నిరాకరిస్తుంది. యజమాని 'ఫోను చెడిపోయింది' అనుకుంటాడు. చెడింది ఫోను కాదు, బయటి ప్రపంచంతో దానికున్న పరిచయం.

మూడోది సిలికాన్. అసలు ప్రాసెసరు, మెమరీ, తెర, సెన్సర్లు. ఈ గడియారం చాలా నెమ్మది. జాగ్రత్తగా వాడితే పదేళ్లు గడిచినా ఇవి పని చేస్తూనే ఉంటాయి.

అంటే పాత చేతి కంప్యూటరు అన్నది చాలాసార్లు చావని యంత్రం. త్వరగా నడిచే రెండు గడియారాలు ఆగిపోయి, మూడోదాన్ని కూడా తమతో పాటు చెత్తకుప్పకు లాక్కుపోతున్నాయి. కొత్త ఉపయోగం వెతకడం అంటే ఆ రెండు గడియారాలతో పని లేని ఉద్యోగం మూడోదానికి చూపించడం. అంతకు మించి ఇందులో మాయ లేదు.

సింప్యూటర్ నేర్పిన పాఠం

చేతి కంప్యూటర్ల విషయంలో భారతదేశానికి సొంత చరిత్ర ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన శాస్త్రవేత్తలు, ఎన్‌కోర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు కలిసి 1999లో సింప్యూటర్ ట్రస్టు పెట్టారు. 2001లో నమూనా బయటికొచ్చింది. లినక్స్ మీద నడిచేది, 206 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు. ఊరికొకటి ఉంటే చాలు, ఎవరి స్మార్ట్‌కార్డు వారు పెట్టుకుని పంచుకోవచ్చన్నది ఆలోచన. చదువు రానివారికి తెర మీది అక్షరాలను చదివి వినిపించాలన్నది లక్ష్యం. 2004లో భారత్ ఎలక్ట్రానిక్స్ తయారీతో 'ఆమిడా' పేరుతో మార్కెట్లోకి వచ్చింది. అనుకున్నన్ని అమ్ముడుపోలేదు. సెల్‌ఫోన్ల ధరలు పడిపోయే కొద్దీ దాని కథ ముగిసింది.

సాధారణంగా ఈ కథను వైఫల్యంగా చెప్పి వదిలేస్తారు. దానికి ఇంకో సగం ఉంది. సింప్యూటర్ కోసం రమేష్ హరిహరన్ మొదలుపెట్టిన 'ధ్వని' అనే మాటల సాఫ్ట్‌వేర్ ఆ పెట్టెతో పాటు పోలేదు. దాని మూలం అందరికీ తెరిచి ఉంచారు కనుక తర్వాత సంతోష్ తొట్టింగల్ వంటి స్వచ్ఛంద ప్రోగ్రామర్లు అందుకుని, హిందీ, కన్నడలకు మించి తెలుగు, బెంగాలీ, ఒడియా, మలయాళం సహా పలు భాషలకు పెంచారు. యంత్రం పోయినా గొంతు బతికింది. తాళం వేయని వస్తువు తన తయారీదారు కంటే ఎక్కువ కాలం బతుకుతుందనడానికి మన దగ్గరే దొరికిన రుజువు ఇది.

2011 అక్టోబరులో విడుదలైన 'ఆకాశ్' ట్యాబ్లెట్‌ది దీనికి ఎదురు కథ. విద్యార్థులందరికీ చవక కంప్యూటరు అన్న ఆశయం గొప్పదే. కానీ ఇలాంటి ప్రతి పథకంలోనూ మొత్తం చర్చ కొనుగోలు ధర చుట్టూనే తిరుగుతుంది. మూడేళ్ల తర్వాత బ్యాటరీ ఎవరు మారుస్తారు, అయిదేళ్ల తర్వాత సాఫ్ట్‌వేర్ ఎవరు చూస్తారు అన్న ప్రశ్నలకు బడ్జెట్ పద్దు ఉండదు. వస్తువును చవగ్గా కొనడం తేలిక, చాలా కాలం వాడటమే కష్టం.

శ్రీహరికోట నుంచి సముద్రం అడుగు దాకా

జేబులో పట్టే కంప్యూటరుకు ఎంత దూరపు ఉద్యోగం ఇవ్వొచ్చో చూడాలంటే తెలుగు నేల మీదికే రావచ్చు. 2013 ఫిబ్రవరి 25న శ్రీహరికోట నుంచి బయల్దేరిన పీఎస్ఎల్‌వీ-సీ20 రాకెట్ మోసుకెళ్లిన చిన్న ఉపగ్రహాల్లో బ్రిటన్‌కు చెందిన స్ట్రాండ్-1 ఒకటి. దాని లోపల ఉన్నది బజార్లో దొరికే నెక్సస్ వన్ ఫోను. మరో రెండు నెలలకు నాసా తన ఫోన్‌శాట్‌లను అదే రకం ఫోన్లతో అంతరిక్షంలోకి పంపింది. ఫోనులో ప్రాసెసరు, కెమెరా, దిశను పసిగట్టే సెన్సర్లు అన్నీ ఉన్నాయి కదా, ఉపగ్రహానికి ఇంకేం కావాలన్నది వాళ్ల వాదన. బజారు ఫోను ఉపగ్రహానికి పనికొచ్చినప్పుడు, పాత ఫోను బడికి పనికిరాదని ఎలా అంటాం?

అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో పరిశోధకులు 2023లో 'జంక్‌యార్డ్ కంప్యూటింగ్' పేరుతో ఒక పరిశోధన ప్రచురించారు. పాత పిక్సెల్ ఫోన్లను ఒక గుంపుగా కలిపి చిన్న సర్వరులా వాడి చూశారు. ఒక యంత్రం జీవితకాలంలో వెలువడిన మొత్తం కార్బన్‌ను, అది చేసిన మొత్తం లెక్కల పనితో భాగించి చూడాలన్నది వారి కొలమానం. ఆ లెక్కలో, ఇప్పటికే తయారైపోయిన పాత ఫోను చాలా పనులకు కొత్త సర్వరు కంటే మెరుగ్గా నిలిచింది. 2025లో ఎస్టోనియాలోని టార్టు విశ్వవిద్యాలయం వారు ఒక్కో ఫోనుకు సుమారు 8 యూరోల ఖర్చుతో పాత ఫోన్లను బుల్లి డేటా సెంటరుగా మార్చి, సముద్రం లోపల జీవులను లెక్కించే పనికి పెట్టి చూశారు. వాళ్లు చేసిన మొదటి మార్పుల్లో ఒకటి గుర్తుంచుకోవాలి. ఫోన్లలోని బ్యాటరీలు తీసేసి బయటి నుంచి కరెంటు ఇచ్చారు. మొదటి గడియారాన్ని ముందే ఆపేశారన్నమాట.

అడవుల్లోనూ ఇలాంటిదే జరిగింది. రెయిన్‌ఫారెస్ట్ కనెక్షన్ అనే సంస్థ పాత ఫోన్లకు సౌర ఫలకాలు తగిలించి చెట్ల మీద పెట్టి, కలప దొంగల రంపాల శబ్దాన్ని పసిగట్టింది.

వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. ఏ చోటా పాత ఫోనును 'ఫోను'గా వాడలేదు. అన్ని పనులూ చేయమని అడగలేదు. ఒక్క పని అప్పగించారు. అన్ని పనులకూ పాతబడిన యంత్రం ఒక్క పనికి మాత్రం కొత్తదే.

మధురాకాటీలో ఒక ప్రయోగశాల

ఇదంతా ఖరగ్‌పూర్‌కు ఎందుకు వర్తిస్తుంది? ఆ ఊరికి కావలసిన రెండు అవసరాలు ఈ యంత్రాల దగ్గర ఉన్న రెండు శక్తులతో సరిగ్గా సరిపోతాయి కనుక. మొదటిది చేత్తో చేసి చూసే విజ్ఞానం. రెండోది అమ్మభాషలో చదువు.

భౌతికశాస్త్ర ప్రయోగశాల చాలా ప్రభుత్వ బడుల్లో తాళం వేసిన బీరువా. కానీ పాత ఫోనులో త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటరు, మైక్రోఫోను, చాలావాటిలో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే మాగ్నెటోమీటరు ఉంటాయి. జర్మనీలోని ఆహెన్ సాంకేతిక విశ్వవిద్యాలయం తయారు చేసిన ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ వీటిని కొలత పరికరాలుగా మారుస్తుంది. ఒకసారి ఎక్కించుకుంటే సిమ్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఫోనునే మీటరు పొడవు దారానికి కట్టి లోలకంలా ఊపితే డోలనావర్తన కాలం సుమారు 2 సెకన్లు వస్తుంది. దాన్నుంచి భూమి ఆకర్షణ త్వరణం లెక్క కట్టొచ్చు.

రైల్వే ఊరి పిల్లలకు అంతకంటే మంచి ప్రయోగాలున్నాయి. పట్టాలకు దూరంగా, డాబా మీద నిలబడి వచ్చిపోయే బండి హారన్‌ను రికార్డు చేయాలి. ఉదాహరణకు హారన్ అసలు పౌనఃపున్యం 370 హెర్ట్జ్ అనుకుందాం. బండి గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్లతో ఎదురొస్తుంటే అది సుమారు 393 హెర్ట్జ్‌గా వినిపిస్తుంది. దాటి వెళ్లిపోతుంటే 349 హెర్ట్జ్‌కు పడిపోతుంది. ఈ రెండు అంకెలు ఫోను తెర మీద చదివితే చాలు, డాప్లర్ సూత్రంతో బండి వేగం పిల్లలే చెప్పేస్తారు. గార్డు తాతకు, డ్రైవరు నాన్నకు కూడా తెలియని పద్ధతిలో వాళ్ల బండి వేగం కొలవడం కంటే పదో తరగతి పిల్లకు కావలసింది ఏముంటుంది?

బండి లోపల కూర్చుని చేసే ప్రయోగం ఇంకా లోతైనది. ఫోనును సీటు మీద కదలకుండా పెట్టి, బండి కదిలినప్పటి నుంచి త్వరణాన్ని నమోదు చేయాలి. త్వరణాన్ని కాలంతో కూడుకుంటూ పోతే వేగం, వేగాన్ని కూడుకుంటూ పోతే దూరం రావాలి. పట్టాల పక్కన కిలోమీటరు రాళ్లున్నాయి కనుక జవాబు సరిచూసుకోవచ్చు. సరిచూస్తే తేడా వస్తుంది! సెన్సరులో మీటరు పర్ సెకండ్ స్క్వేర్‌కు రెండు వందో వంతు, అంటే 0.02 అంత చిన్న తప్పు ఉన్నా, 100 సెకన్లలో వేగంలో సెకనుకు 2 మీటర్ల తప్పు, దూరంలో 100 మీటర్ల తప్పు పేరుకుంటుంది. విమానాల్లో, జలాంతర్గాముల్లో దిక్కు చూపే జడత్వ వ్యవస్థలకు అంత ఖరీదైన సెన్సర్లు ఎందుకో, అయినా వాటిని అప్పుడప్పుడూ బయటి ఆధారాలతో ఎందుకు సరిదిద్దాలో ఆ 100 మీటర్లు నేర్పినట్టు ఏ పుస్తకమూ నేర్పదు. ఇక్కడ పాత సెన్సరులోని లోపమే పాఠం.

రెండో అవసరం భాష. బీఎన్‌ఆర్ రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబాల నాలుగో తరం ఇప్పుడు మధురాకాటీ, నింపురా వీధుల్లో పెరుగుతోంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషల్లో చోటిస్తూ నిర్ణయించింది. హోదా కాగితం మీద వచ్చింది. కానీ ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో హిందీనో బెంగాలీనో ఇంగ్లిషో చదువుతూ, తెలుగు అక్షరం గుర్తుపట్టలేని పిల్లలున్న ఇళ్లకు హోదా ఒక్కటే ఏం చేస్తుంది?

ఇక్కడ సింప్యూటర్ పాత కల మళ్లీ పనికొస్తుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తంగా ఒక మెమరీ కార్డులో పెట్టుకోవచ్చు. తెలుగు చదివి వినిపించే ఈస్పీక్ ఎన్‌జీ వంటి సాఫ్ట్‌వేర్లూ ఉచితంగా ఉన్నాయి. వాటి గొంతు మర యాసలోనే ఉంటుంది, నిజమే. అయినా తెర మీది అక్షరం, చెవిన పడే మాట ఒకేసారి అందితే, మాట వచ్చి అక్షరం రాని పిల్లవాడికి సగం దారి నడిచినట్టే. ఇందుకు కొత్త ట్యాబ్లెట్ అక్కర్లేదు. పగలని తెర, పలికే స్పీకరు, కార్డు పెట్టుకునే సందు ఉన్న ఏ పాత ట్యాబైనా చాలు. ఇంటర్నెట్ లేకపోవడం ఇక్కడ లోపం కాదు, వరం. మధ్యలో ఆటలు రావు, ప్రకటనలు రావు, భద్రతా లోపాల భయమూ ఉండదు. రెండో గడియారం ఆగిపోయినా ఈ ఉద్యోగానికి ఢోకా లేదు.

చేయకూడని పనులు

పాత యంత్రం మీద ప్రేమతో కళ్లు మూసుకోకూడదు. ఖరగ్‌పూర్ - టాటానగర్ మార్గంలో ఝాడ్‌గ్రామ్ వైపు ఏనుగులు పట్టాల మీదికి రావడం తీవ్ర సమస్య. పాత ఫోన్లతో ఏనుగు అడుగుల చప్పుడు పసిగట్టి బండి ఆపేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. అది తప్పు. ప్రాణాల మీదికి వచ్చే పనికి ఎప్పుడు ఆగిపోతుందో తెలియని యంత్రాన్ని పెట్టకూడదు. అలాంటి చోట రైల్వే పట్టాల వెంట ఆప్టికల్ ఫైబర్‌తో కంపనాలను గుర్తించే 'గజరాజ్' వంటి పరీక్షించిన వ్యవస్థలే ఉండాలి. పాత ఫోను ఆ అడవి అంచున పక్షుల కూతలు రికార్డు చేయొచ్చు, అంతవరకే.

అలాగే అప్‌డేట్లు ఆగిన ఫోనులో బ్యాంకు యాప్‌లు, యూపీఐ పెట్టకూడదు. పడక గదిలో నిఘా కెమెరాగా ఇంటర్నెట్‌కు తగిలించకూడదు. ఎప్పుడూ ప్లగ్గులో ఉండాల్సిన పని అయితే బ్యాటరీ ఆరోగ్యం చూడాలి. రోజుకు గంటో రెండు గంటలో మాత్రమే చార్జి అయ్యేలా టైమరు స్విచ్చి పెట్టడం మంచిది. వెనక మూత కొంచెం పైకి లేచినట్టు కనిపించినా, తెర ఉబ్బినట్టున్నా ఆ బ్యాటరీకి రెండో అవకాశం లేదు. గుచ్చకుండా, నొక్కకుండా, చార్జి చేయకుండా ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి ఇచ్చేయాలి.

లెక్క తేలాలి

పర్యావరణం పేరు చెప్పి చేసే ప్రతి పనికీ లెక్క అడగాలి. 2022లో ప్రపంచం 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ వ్యర్థాలను పోగేసిందనీ, అందులో 22.3 శాతమే సక్రమంగా సేకరించి రీసైక్లింగ్ చేసినట్టు నమోదైందనీ ఐక్యరాజ్యసమితి నివేదిక చెబుతోంది. మిగతాదానిలో పెద్ద భాగం ఎక్కడికి పోతుందో మన పట్టణాల శివార్లలో వైర్లు కాల్చి రాగి తీసే పొగ చెబుతుంది. ఆ పొగ పీల్చేది ఫోను వాడినవాళ్లు కాదు.

స్మార్ట్‌ఫోను జీవితంలో వెలువడే కార్బన్‌లో అధిక భాగం వాడకంలో కాదు, తయారీలోనే వెలువడుతుంది. గనిలో ఖనిజం తవ్వడం దగ్గర నుంచి చిప్పు తయారీ దాకా ఖర్చంతా ముందే అయిపోయింది. కనుక ఎక్కువ కాలం వాడితే ఆ ఖర్చు ఎక్కువ ఏళ్ల మీద పడి తేలికవుతుంది. అయితే దీనికో షరతు ఉంది. మూడు వాట్లు తినే ట్యాబ్లెట్‌ను ఏడాది పొడవునా వెలిగించి ఉంచితే సుమారు 26 యూనిట్ల కరెంటు అవుతుంది. మన గ్రిడ్‌లో బొగ్గు వాటా దృష్ట్యా యూనిట్‌కు సుమారు 0.7 కిలోల చొప్పున చూస్తే దాదాపు 18 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఆ ట్యాబ్లెట్ ఒక బడిలో కొత్త పరికరం కొనే అవసరాన్ని తప్పిస్తే లాభం. గోడకు తగిలించి ఎవరూ చూడని గడియారంగా వెలిగిస్తే అది పునర్వినియోగం కాదు, కరెంటు దండగ. 'కొత్తది కొనకుండా ఆపిందా?' అన్న ఒక్క ప్రశ్న ప్రతి పాత యంత్రాన్నీ అడగాలి. ఆపకపోతే రీసైక్లింగ్‌కు పంపడమే న్యాయం.

టెండరులో ఒక్క పేరా

వ్యక్తుల ఉత్సాహం మీద మాత్రమే ఇది నడవదు. పాత ఫోనుకు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ వంటి స్వచ్ఛంద ప్రాజెక్టులు 2017 నుంచి ఫోనుకు పదేళ్ల ఆయుష్షు ఇవ్వాలని శ్రమిస్తున్నాయి. వాటికి అడ్డుపడేది చాలాసార్లు హార్డ్‌వేర్ కాదు, తయారీదారు వేసిన తాళం. బూట్‌లోడర్ తెరుచుకోకపోతే ఎంత మంచి ప్రోగ్రామరైనా గుమ్మం బయటే ఆగిపోవాలి. అమ్మేసిన ఇంటి తాళంచెవి అమ్మినవాడి దగ్గరే ఉన్నట్టు ఇది.

నిబంధనలు కదులుతున్నాయి. 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్యలో అమ్మే స్మార్ట్‌ఫోన్లకు, ట్యాబ్లెట్లకు అమ్మకం ఆగాక కూడా కనీసం అయిదేళ్లు అప్‌డేట్లు ఇవ్వాలి. బ్యాటరీ 800 సార్లు చార్జి చేశాక కూడా 80 శాతం సామర్థ్యం నిలుపుకోవాలి. మన దేశంలో 2022 డిసెంబరులో వినియోగదారుల వ్యవహారాల శాఖ 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెరిచింది. మరమ్మతు సూచికపై ఒక కమిటీ కూడా పని చేసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు పాత పరికరాలను బాగు చేసే సంస్థలను గుర్తించి నమోదు చేసుకునే దారి చూపాయి. అయినా ఇంకా సూచికలు, పోర్టళ్ల దశలోనే ఉన్నాం. కొనుగోలుదారు చేతికి తాళంచెవి ఇవ్వాలన్న మాట చట్టంలోకి రాలేదు.

చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని మాత్రం లేదు. భారతీయ రైల్వే చిన్న కొనుగోలుదారు కాదు. వేల సంఖ్యలో చేతి కంప్యూటర్లు కొనే సంస్థ టెండరులో ఒక్క పేరా చేరిస్తే చాలు: సేవా కాలం ముగిశాక బూట్‌లోడర్ తెరిచి ఇవ్వాలి, బ్యాటరీ మామూలు పనిముట్లతో మార్చగలిగేలా ఉండాలి, విడి భాగాలు ఇన్నేళ్లు దొరకాలి. ఇది దానం అడగడం కాదు. పెట్టెకు 'కోడల్ లైఫ్' రాసిపెట్టుకునే సంస్థ, ఆ తర్వాతి జీవితాన్ని కూడా కాగితం మీద పెట్టుకోవడం.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. హెచ్‌హెచ్‌టీలో ప్రయాణికుల పేర్లు, వయసులు, ప్రయాణ వివరాలు తిరుగుతాయి. అలాంటి యంత్రాన్ని బడి పిల్లల చేతికి ఎలా ఇస్తారు? నిజమే, తుడవకుండా ఇవ్వకూడదు. అయితే ఈ చిక్కుకు విరుగుడు సుత్తి ఒక్కటే కాదు. ఆండ్రాయిడ్ 6 తర్వాత వచ్చిన చాలా పరికరాల్లో సమాచారం గూఢ లిపిలోనే నిల్వ ఉంటుంది. ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఆ లిపి విప్పే తాళంచెవి చెరిగిపోతుంది, మిగిలేది అర్థంలేని గుర్తులు. తుడిచిన ప్రతి యంత్రానికీ నంబరు రాసి, సంతకం చేసి, నమూనాగా కొన్నిటిని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి పెడితే చాలు. పెట్టె ఫిట్‌నెస్ పరీక్షకు రిజిస్టరు పెట్టే చేతులకు ఇది కొత్త విద్య కాదు. తుడవడం సాధ్యం కాని యంత్రాలను మాత్రం పగలగొట్టి రీసైక్లింగ్‌కు పంపాలి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. పేద పిల్లలకు పాత సామానేనా? ధనికుల బడికి కొత్త ట్యాబ్లెట్, రైల్వే కాలనీ బడికి పారేసిన ఫోనా? ఈ కోపం సరైనదే. పాత యంత్రాలు చూపించి బడికి ఇవ్వాల్సిన నిధులు ఎగ్గొడితే అది మోసం. అందుకే ఈ పని దానంలా కాక, విద్యలా జరగాలి. పిల్లలకు తయారైన పాత ట్యాబ్ పంచడం కాదు, దాన్ని విప్పడం, బ్యాటరీ మార్చడం, లినక్స్ ఎక్కించడం, సెన్సరు తప్పును కొలవడం నేర్పాలి. కొత్త ఫోనును ఏ బడీ విప్పనివ్వదు. విప్పనిచ్చేది పాతదే. ఆ అర్థంలో పాత యంత్రం కొత్తదానికి చవక నకలు కాదు, కొత్తది ఎప్పటికీ ఇవ్వలేని పాఠం.

అందుకు ఖరగ్‌పూర్‌కు ఉన్నన్ని హంగులు మరో ఊరికి అరుదు. ఒక పక్క 1951లో పుట్టిన దేశపు తొలి ఐఐటీ. నేషనల్ డిజిటల్ లైబ్రరీని నడుపుతున్నదీ అదే. మరో పక్క తరాలుగా ఇనుముకు రెండో జన్మ ఇస్తున్న వర్క్‌షాపు. మధ్యలో గోల్‌బజార్‌లో భూతద్దం పెట్టుకుని, హాట్ ఎయిర్ గన్‌తో చిప్పు ఊడదీసే మొబైల్ మెకానిక్కులు. వాళ్లకు పట్టా లేకపోవచ్చు, చేతిలో ఉన్నది మాత్రం మైక్రో ఎలక్ట్రానిక్సే. ఈ మూడు చోట్ల ఉన్న తెలివి ఒకే ఊళ్లో ఉండీ ఒక బల్ల దగ్గర కూర్చోలేదు. నెలకో ఆదివారం కూర్చుంటే చాలు. ఐఐటీ విద్యార్థి సాఫ్ట్‌వేర్ తెస్తాడు, మెకానిక్కు చెయ్యి తెస్తాడు, రిటైరైన ఫిట్టరు క్రమశిక్షణ తెస్తాడు, పిల్లలు తమ ఇంటి సొరుగులో ఉన్నది తెస్తారు.

ఈ లోగా ప్రతి ఇంటికీ ఒక చిన్న పని ఉంది. సొరుగులో ఉన్న పాత యంత్రాన్ని ఈ ఆదివారమే బయటికి తీయాలి. బ్యాటరీ ఉబ్బిందా చూడాలి. ఉబ్బితే సేకరణ కేంద్రానికి పంపాలి. లేకపోతే ఫోటోలు దించుకుని, తుడిచి, దానికి ఒక్కటంటే ఒక్క ఉద్యోగం వెతకాలి. వెతికినా దొరకకపోతే రీసైక్లింగ్‌కు ఇచ్చేయాలి, అందులోని రాగి, బంగారం మళ్లీ గని దాకా వెళ్లే అవసరాన్ని కొంతైనా తప్పిస్తాయి. ఈ రెండు దారుల్లో ఏదైనా మంచిదే. చేయకూడనిది ఒక్కటే: మళ్లీ సొరుగు మూసేయడం. సొరుగులో గడిచే ప్రతి ఏడాదీ బ్యాటరీ గడియారం నడుస్తూనే ఉంటుంది. ఈరోజు బడికి పనికొచ్చే యంత్రం మూడేళ్ల తర్వాత ప్రమాదకరమైన చెత్త మాత్రమే. పెట్టెను షెడ్డులో వదిలేస్తే తుప్పు పడుతుందని రైల్వే ఊరికి ఒకరు చెప్పాల్సిన పని లేదు.